ఉడుత తుడిచిన చీడ

కోనలో చెట్లన్నీ కొట్టేశాక, వాగు పక్కన బండ చాటున ముసలి ఫెర్న్ మొక్క ఒక్కటే మిగిలింది. దాని జాతిలో ఇంకెవరూ లేరు.

ఒకనాడు పొరుగింటి ఉడుత దాని ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు చూసింది.

"అత్తా, నీకు చీడ పట్టింది. ఉండు," అంటూ తోకతో ఆకులన్నీ తుడిచేసింది.

"అది చీడ కాదే పిల్లా," అంది ఫెర్న్ నీరసంగా. "నాకు పూలూ కాయలూ ఉండవు. ఆ చుక్కల్లోని పొడిలోంచే నా పిల్లలు మొలవాలి."

"ముందే చెప్పొచ్చుగా?"

"గొడ్డలివాళ్లకు చెప్పాను. వేళ్లు తవ్విన పందికి చెప్పాను. ఎవరు విన్నారు? ఇక ఓపిక లేదు."

"పొడి నా తోకకే ఉంది. ఎక్కడ దులపను?"

"నీడా తడీ ఉన్నచోట."

ఉడుత తోక పైకెత్తుకుని కోనంతా తిరిగింది. ఎక్కడ చూసినా మొద్దులూ, ఎండిన మట్టీ. సాయంత్రానికి తిరిగొచ్చి ఫెర్న్ ఆకుల కిందికే దూరింది.

"దొరకలేదా?"

"ఇక్కడే ఉంది. కాస్త జరుగత్తా, దులుపుతాను."

"జరగడం నావల్ల కాదు," అంది ఫెర్న్. "ఈ ఆకు కొంచెం వంచుతాలే."