లేజరుకిచ్చిన రక్తం

“కుడిసెయ్యి తీసుకోమ్మా. ఎడంసెయ్యి పోయిన నెలిచ్చాను” అంటూ అమ్మన్న చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముఖం దానకర్ణుడిలా వెలిగిపోతోంది.

నీలవేణి స్నేహితురాలు లాస్య సూది గుచ్చింది. పక్కనున్న నీలవేణి దూదిముక్క అందించింది.

అమ్మన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన కూతురు నీలవేణి ఊరి చివర కోనిలో ఉన్న యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. రక్తంలో కొవ్వును మోసే ప్రొటీను ఒకటుంది. అది మడత తప్పితే రక్తనాళాల గోడల మీద పేరుకుపోతుంది. ఆ మడత విప్పుకునే క్షణాన్ని లేజరు మెరుపులతో పట్టుకోవడం ఆమె పని.

“బిల్హా టేసను అవుటర్లో గూడ్సుబండి పూటంతా నిలబడిపోద్ది. నువ్వేటమ్మీ, సెకన్ని కోట్ల కోట్ల ముక్కలు సేస్తన్నావు!” అని తండ్రి ఏడిపించేవాడు.

ఆయన్ని డాక్టరుకు చూపించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. నీలవేణి పెదనాన్న గుండెపోటుతో పోయాడు. మెట్లెక్కితే అమ్మన్నకూ ఆయాసమే. అయినా కదలడు. దానికో కారణం ఉంది. పాడైన వ్యాగన్లను పక్కకు తోసి నిలబెట్టే పట్టాలను సిక్‌లైను అంటారు. షెడ్డులో ఎవడైనా ఆస్పత్రి గడప తొక్కాడా, ఆ రోజు నుంచి వాడి పేరూ అదే. ఆ పేరు అందరికంటే ఎక్కువమందికి పెట్టింది అమ్మన్నే.

అందుకే నీలవేణి అబద్ధమాడింది.

“నాన్నా, మా లేజరుకు ఆరోగ్యవంతుడి రక్తం కావాలి. ఎవరూ దొరకడం లేదు.”

“ఓలమ్మో! ఎదురుగా పెట్టుకుని ఊరంతా ఎతుకుతన్నావేటి?”

నిజానికి ఆ లేజరు ఏనాడూ రక్తం చూసిన పాపాన పోలేదు. దానికి కావలసిన ప్రొటీను చిన్న సీసాల్లో కొనుక్కొస్తారు. అమ్మన్న రక్తం వెళ్లేది లాస్య పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు. రిపోర్టు వెళ్లేది డాక్టరుకు. డాక్టరు చెప్పిన మాట లేజరు మాటగా ఇంటికొచ్చేది.

“నాన్నా, గ్రాఫు వంకర పోతోంది. మిర్చిబజ్జీలు మానాలి. పొద్దున్నే నడవాలి.”

“లేజరుకి నోరు కూడా ఉందేటి?” అని గొణుగుతూనే మానేశాడు. బుధ్‌వారీ బజారులో బజ్జీల బండి ముందునుంచి ముక్కు మూసుకుని నడిచాడు. షెడ్డులో మాత్రం ఛాతీ విరుచుకుని తిరిగాడు. “మన రక్తం సైన్సుకెళ్తంది, తెలుసా!”

“ఇన్నేళ్ల కాపరంలో నా మాట ఒక్కటీ సెవికెక్కనేదు. ఆ లేజరేటి మందు పెట్టిందో!” అని తల్లి చిన్నమ్మి మూతి తిప్పింది.

రిపోర్టులు మెల్లగా దారికొచ్చాయి. ఆయాసం తగ్గింది. నీలవేణి హమ్మయ్య అనుకుంది.

అంతలోనే పిడుగు పడింది.

“అమ్మీ, నా ప్రొటీన్ని ఓపాలి కళ్లారా సూడాల. రేపు మీ ల్యాబుకొస్తన్నాను.” అమ్మన్న మీసం చాటున నవ్వుతున్నాడు.

 నిజం తెలిస్తే మళ్లీ ఆ బజ్జీల బండే. మళ్లీ ఆ ఆయాసమే. పెదనాన్న గుర్తొచ్చి నీలవేణికి రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

తెల్లారగానే కోనికి పరుగెత్తింది. ల్యాబ్ అసిస్టెంటు రాజేంద్ర లేజరు గదిలో కళ్లద్దాలు తుడుస్తున్నాడు.

“భయ్యా, ఒక్క సాయం చెయ్యి. ఏదో ఒక సీసా మీద మా నాన్న పేరు రాసిపెట్టు. ‘మీ రక్తంలోంచి తీసింది ఇదే’ అని ఆయనకు చెప్పు. మనం ఇక్కడ రక్తమే వాడమని ఆయనకు పొరపాటున కూడా తెలియకూడదు.”

రాజేంద్ర తల గోక్కున్నాడు. నవ్వాపుకోవడానికి నానా తంటాలు పడ్డాడు.

“అచ్ఛా దీదీ, మొదటిసారి రక్తమిచ్చిన మర్నాడే మీ నాన్నగారు ఇక్కడికొచ్చి మనం రక్తం వాడమన్న సంగతి కనుక్కుని, ‘మా అమ్మాయికి చెప్పకు భాయ్, డాక్టరుకిస్తే షెడ్డులో సిక్‌లైనంటారు, లేజరుకిస్తే సైన్సంటారు’ అని నా చేతులు పట్టుకున్నారు.”