కొత్త లైను

"కాన్పు కేసండి, అర్జెంటు! వైజాగు పెద్దాసుపత్రికి బేగి కలపండి!" మిషనాసుపత్రి ఫోనులో సామ్యేలు మళ్లీ అరిచాడు.

మొన్నమొన్నటిదాకా అతను ఆసుపత్రి వ్యాను డ్రైవరు. కమిటీవాళ్లు ఆ వ్యాను అమ్మి ఈ ఫోను పెట్టించాక, అతన్ని దీని దగ్గర కూర్చోబెట్టారు.

గుమ్మంలో గొలుగొండ రైతు అప్పలకొండ నిలబడి ఉన్నాడు. పక్కగదిలో అతని భార్య పొద్దుటినుంచి నొప్పులు పడుతోంది.

లైను కలిసింది. నర్సు ఎస్తేరమ్మ పరుగున వచ్చి రిసీవరు అందుకుంది. "బిడ్డ అడ్డం తిరిగిందండీ. ఇక్కడ ఆపరేషను చేసేవాళ్లు లేరు." కాసేపు విని, "అలాగేనండీ" అని పెట్టేసింది.

అప్పలకొండ ముఖం విప్పారింది. "పెద్ద డాక్టరుగారే మాటాడినారా అమ్మా? ఏటన్నారు?"

"బేగి తీసుకొచ్చీమన్నారు. అన్నీ సిద్ధంగా ఉంచుతారట."

"అలగే అమ్మా. మరి దేనిమీద తీసుకెల్దుం? టాక్సీలన్నీ ఉపమాక పెళ్లిళ్లకి ఎల్లిపోనాయి కదా."

"నానున్నాను, పదండి," అంటూ సామ్యేలు అలవాటుగా లేచాడు. గుమ్మం దాటి, ఖాళీ షెడ్డు చూసి ఆగిపోయాడు.

అంతలో ఫోను మోగింది. సామ్యేలు పరిగెత్తుకొచ్చి ఎత్తాడు. మిగతా ఇద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు.

ఎక్స్ఛేంజి ఆపరేటరు. "కొత్త లైను కదండీ, వైజాగు మాట బాగా వినపడిందా?"

అప్పలకొండ భార్య కేక పెట్టింది. ఎస్తేరమ్మ అటు పరిగెత్తింది.

"బాగా వినపడిందండీ," అన్నాడు సామ్యేలు. "పక్కగదిలో ఉన్నట్టే వినపడింది."