నమూనా ఉత్తరాలు

"క్లాసులో నాకే ఫస్టు మార్కమ్మా! మాస్టారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు."

తల్లి తలెత్తలేదు. ఎడమచేత్తో గుడ్డ కత్తిరిస్తూ, కుడిచేత్తో కొలతలు రాసుకుంటోంది. రెండు చేతులూ ఆడితే తప్ప గడవని ఇల్లు మరి.

"ఈ నేరాలు పట్టే చదువులో చప్పట్లు కూడానా? దేనికే?"

"దొంగ ఉత్తరం పట్టుకున్నందుకు. నువ్వు బెంగపడతావని చెప్పలేదు. నాన్న పేరుతో వచ్చింది."

కత్తెర ఆగింది.

తండ్రి ఇల్లు వదిలి వెళ్ళేనాటికి ఆ పిల్లకి ఏడేళ్ళు. మరుసటేడు నుంచి ప్రతి పుట్టినరోజుకీ ఒక ఉత్తరం. పోస్టులో వచ్చిందంటూ తల్లి తెచ్చి చేతిలో పెట్టేది. అలా పది. ఆ పదీ కంఠతా వచ్చు. నాన్న రాకపోయినా తనని మరిచిపోలేదన్న ధీమాతోనే తలెత్తుకు తిరిగింది.

"నువ్వు బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు వచ్చింది. చూడగానే అనుమానం. నాన్న అక్షరాలు ఎడమకి వాలతాయి, తలకట్లు విడివిడిగా ఉంటాయి. ఎడమచేతి వాటం కదూ?"

తల్లి కత్తెర కింద పెట్టేసింది.

"ఇందులో ఒక్క అక్షరం కలిస్తే ఒట్టు! మాస్టారు ఒకటే అడిగారు. 'పోల్చి చూసిన నమూనా నమ్మదగిందేనా? అది తప్పయితే అంతా తలకిందులే' అని. పదేళ్ళ మా నాన్న ఉత్తరాలండీ, ఇంకేం కావాలన్నాను."

"ఏం రాసుంది?"

"ఆసుపత్రిలో ఉన్నాట్ట. డాక్టర్లు పదిరోజులకి మించి చెప్పడం లేదట. ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియడం లేదట, ఒక్కసారి కనిపించు తల్లీ అట. ఏ దొంగసచ్చినోడో గానీ, ఏడిపించేలా రాశాడు!"

"ఎప్పుడొచ్చింది?"

"ఇరవై రోజులైంది."

"నువ్వు... వెళ్ళలేదా?"

"నేనేమైనా వెర్రిదాన్నా? మాస్టారూ వెళ్ళొద్దనే అన్నారు."

తల్లి కత్తిరించిన గుడ్డల మీదే కూలబడిపోయింది. కూతురు కంగారుగా వచ్చి భుజాలు పట్టుకుంది.

"అయ్యో, నాన్నకేం కాలేదమ్మా! రుజువు చేశాను కదా! వచ్చే నెల నా పుట్టినరోజుకి అసలు ఉత్తరం వస్తుంది, చూద్దువుగాని."

తల్లి తన ఎడమచేతి వైపు చూసుకుంది.

"ఆ పదీ నేను రాసినవే."