వదలగానే పోతోంది

"మళ్ళీ పోయింది!" తల్లి వేడి మూకుడు తగిలినట్టు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

నల్లటి తెర నిండా తెల్లటి అక్షరాలు. మౌస్ నొక్కి లాగినంతసేపూ ఆ వరసలు పసుపుపచ్చగా వెలిగాయి. వేలు వదలగానే రంగు పోయింది. పక్కనున్న మెయిల్లో అతికిస్తే, పొద్దునెప్పుడో కాపీ చేసిన కరెంటాఫీసు ఫోన్ నెంబరు వచ్చి పడింది.

"పోలేదమ్మా." కూతురు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇది టీమక్స్. ఒకే తెరని గదులుగా పంచుతుంది. నువ్వు మౌస్‌తో పట్టుకున్నది తన దగ్గరే దాచేసుకుంటుంది. బయట మెయిలుకి ఆ సంగతి తెలీదు."

"మా అత్తగారి బీరువా అన్నమాట. లోపలికెళ్ళింది ఏదీ బయటికి రాదు."

కూతురు ఫక్కున నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రి నవ్వలేదు.

"బయటికి రావాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని లాగాలి. అప్పుడు టీమక్స్ అడ్డు రాదు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, సి, మూడూ కలిపి నొక్కు."

తల్లి పెదాలు కదుపుతూ అప్పజెప్పుకుంది.

రేపు పొద్దున ఆఫీసులో మేనేజరు పక్కన కూచుని చూస్తాడు. సర్వరు గబగబా రాసుకుపోయే వరసల్లో తప్పు ఎక్కడుందో పట్టుకుని, అది కాపీ చేసి, మెయిల్లో పెట్టి పంపాలి. అంతే పని. చేస్తే ఆ కుర్చీ ఆమెది. చెయ్యలేకపోతే ఇంటికే.

"ఈ వయసులో నాకు పరీక్షలేమిటే?"

"వద్దనుకుంటే మానెయ్యి. ఎవరు కాదన్నారు?" అన్నాడు తండ్రి.

"మానేసి? పొద్దస్తమానం మీ మొహం చూస్తూ కూచోనా?"

"అంత అధ్వాన్నంగా ఉందా నా మొహం?"

"ఉందని కాదండీ." తల్లి గొంతు తగ్గింది. "పొద్దున్నే లేచి చీర కట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

ఆయన లోపలికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఈసారి షిఫ్ట్ పట్టుకునే లాగింది. మెయిల్లో సగం తన వరసలు, సగం ఎవరివో.

"ఇదేమిటే, పక్కింటి వాళ్ళ మాటలు కూడా వచ్చాయి?"

"షిఫ్ట్ పట్టుకుంటే దానికి మధ్యలో గోడ కనపడదమ్మా. రెండు గదుల్లోవీ ఊడ్చుకొస్తుంది. ముందు కంట్రోల్ బి కొట్టి, వదిలేసి, జెడ్ నొక్కు. నీ గది ఒక్కటే తెరంతా పరుచుకుంటుంది. అప్పుడు లాగు."

ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ నొక్కింది తల్లి. లాగింది. అతికించింది. కావలసిన వరసలే, ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా లేకుండా, మెయిల్లో కూచున్నాయి.

"వచ్చిందే!" చప్పట్లు కొట్టింది. "ఏమండీ, చూశారా? ఇంకా నాకు చేతనవుతుంది!"

"చూశాను," అన్నాడాయన, కిటికీ వైపు తిరిగి.

అప్పుడే ఫోన్ మోగింది. కూతురు వరండాలోకి వెళ్ళి ఎత్తింది. మేనేజరు.

"మేడమ్ ఎలా ఉన్నారు? రేపు కంగారు పడొద్దని చెప్పండి. ఎంతసేపు పట్టినా నేను కూచుంటాను."

"చెప్తానండీ."

"ఈ పరీక్ష వద్దని పైవాళ్ళకి చెప్పి చూశానండీ. వినలేదు. కనీసం నన్ను కాకుండా వేరే ఎవరినైనా కూచోబెట్టమన్నాను. అదీ వినలేదు."

లోపలికి రాగానే తల్లి అడిగింది, "ఎవరే?"

"రేపు నీ పక్కన కూచునే మేనేజరు."

"ఎలాంటివాడు? గట్టిగా మాట్లాడతాడా?"

"మంచివాడమ్మా. చాలా మంచివాడు."

"అయితే పరవాలేదు." తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూచుంది. "ఇంకోసారి చేస్తాను, చూడు."

మౌస్ నొక్కి లాగింది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. వరసలు పసుపుపచ్చగా వెలిగి, వేలు వదలగానే ఆరిపోయాయి. మెయిల్లో ఇందాకటి వరసలే మళ్ళీ వచ్చి పడ్డాయి.

"మళ్ళీ పోయింది," అంది బిక్కమొహంతో. "ఏదో నొక్కి పట్టుకోవాలన్నావు కదూ?"

"కాగితం మీద రాసిచ్చేదా అమ్మా? ఎదురుగా పెట్టుకుందువుగాని."

"కాగితం చూసి చేస్తే నవ్వరూ?"

కూతురు తల్లి ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని షిఫ్ట్ మీద పెట్టింది. పెట్టి, పైన తన వేలు కూడా ఆనించి ఉంచింది.

"ఇదిగో, ఇది. వదలకు."

"విసుక్కోకే. మళ్ళీ మొదట్నించీ చెప్పు."

"ఎన్నిసార్లయినా చెప్తాను."

తండ్రి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు నేనూ వస్తాను. ఆఫీసు బయట కూచుంటాను."

"ఎందుకండీ, చిన్నపిల్లనా? ఆ మేనేజరు మంచివాడంటోందిగా, తెలీకపోతే అతన్నే అడుగుతాను."

ఆ మేనేజరుకి ఒకప్పుడు ఈ పని నేర్పింది ఆమే.