వైరు లేని హెడ్‌ఫోన్లు

ప్రమాదం జరిగిన రాత్రి నన్ను హెలికాప్టర్ అంబులెన్సులో ఎక్కించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. రోడ్డు మీదే ప్రాణం పోయిన మా ఆయన గొంతు అందులో వినిపించింది.

"గుద్దింది తమ్ముడే. కారు లైట్లు ఆర్పేసుకుని పారిపోయాడు. వాడి సంగతి నేను చూసుకుంటాలే."

బతికి బట్టకట్టాక, హెలికాప్టర్‌లో నా పక్కనున్న నర్సును ఆ హెడ్‌ఫోన్ల గురించి అడిగాను.

"వాటికి వైరే ఉండదమ్మా, మాటలేం రావు. హోరు వినపడకుండా పెడతాం, అంతే," అంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదాన్నంటారు. అన్న పోయాడని అందరికంటే గట్టిగా ఏడ్చిన మరిది, ఈ రోజు నన్ను చూడ్డానికి వచ్చి రాత్రికి ఉండిపోయాడు. నవ్వుతూనే వడ్డించాను.

అర్ధరాత్రి ముందుగదిలోంచి పిలిస్తే వెళ్ళాను.

"వదినా, పైన హెలికాప్టర్ తిరుగుతోందా?"

నాకు గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "లేదే," అన్నాను.

వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. "మూసుకుంటే ఇంకా గట్టిగా వినపడుతోంది వదినా. అన్నయ్య గొంతు... రోడ్డు మీదికి రమ్మంటున్నాడు."

మా గుమ్మం దిగితే రోడ్డే. రాత్రంతా లారీలు పోతూనే ఉంటాయి.

"అన్న పిలిస్తే వెళ్ళాలి కదయ్యా," అన్నాను.

వాడు చెప్పులు కూడా వేసుకోకుండా లేచాడు. నేను చేతికర్ర ఊతంగా వెళ్ళి తలుపు తీశాను. ఆ తర్వాత వాకిట్లో లైటు ఆర్పేశాను.