రెండు డిగ్రీలు

"కోడ్ ఏమీ రావట్లేదు," అన్నాడు మెకానిక్, బండిలో లోపం చూపించే స్కానర్‌ని మూడోసారి నొక్కి చూస్తూ.

అది మందుల వ్యాను. ఏసీ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. బాగుచేసి పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. మళ్లీ వెనక్కొస్తే నువ్వు పనిలోకి రావద్దని ఓనరు పొద్దున్నే తేల్చి చెప్పాడు.

షెడ్డు గేటు దగ్గర నీడకి నిలబడ్డ ఓ ముసలాయన, గుడ్డసంచితో లోపలికొచ్చాడు.

"బాబూ, కోడ్ సంగతి వదిలెయ్. కింద రీడింగులు చదువు. బయట వేడి ఎంతంటోంది?"

"రెండు డిగ్రీలు."

"ఓసారి నీ చొక్కా చూసుకో."

చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"బయట గడ్డకట్టే చలి అనుకుంటోంది నీ బండి. అందుకే కంప్రెసర్‌ని తిరగనివ్వట్లేదు. బయటి వేడి కొలిచే సెన్సార్ ఉండుండి తప్పు చెబుతోంది, ముందు దాన్ని మార్చు."

మెకానిక్‌కి ఒళ్లు మండింది. దారినపోయే ప్రతివాడూ పాఠం చెప్పేవాడే.

"సెన్సార్ పోతే కోడ్ వస్తుంది తాతా. మా నోట్సులో ఉంది."

జిరాక్సు కాగితాల కట్ట తీశాడు. ఎవరో చేత్తో రాసినవి. అక్షరాలన్నీ ఎడమకు ఒరిగి ఉంటాయి. రాసిందెవరో ఎవరికీ తెలీదు గానీ, ఊళ్లో ఏసీ పని చేసేవాళ్లంతా వాటితోనే నేర్చుకున్నారు. ఆ కట్టమీద మెకానిక్ ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

'కోడ్ రాలేదంటే సెన్సార్లన్నీ బాగున్నట్టే.' ఆ వాక్యం కింద వేలుపెట్టి చూపించాడు.

ముసలాయన కళ్లు చికిలించి చదివాడు.

"ఇది తప్పు బాబూ."

జేబులోంచి పెన్ను తీసి, వాక్యాన్ని కొట్టేసి, పైన రాయడం మొదలుపెట్టాడు.

మెకానిక్ విసురుగా లాక్కున్నాడు.

"నాకు అన్నం పెట్టిన కాగితాలివి. వీటిని రాసినాయన కాలిగోటికి సరిపోతావా నువ్వు? నడు బయటికి."

రెక్క పట్టుకుని గేటు దాటించాడు. ముసలాయన కిందపడ్డ పెన్నుమూత వంగి తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కొత్త కంప్రెసర్ బిగించాడు. చల్లగాలి వచ్చింది. వ్యాను వెళ్లింది.

మర్నాడు తిరిగొచ్చింది. లోపల పసిపిల్లల మందులన్నీ వేడెక్కి పాడైపోయాయి.

ఓనరు ఇంకో మెకానిక్‌ని పిలిపించాడు. అతను బంపర్ వెనకున్న వేలెడంత సెన్సార్ మార్చి, చేతులు తుడుచుకున్నాడు. పది నిమిషాల పని.

"నీ సామాను సర్దుకో," అన్నాడు ఓనరు.

సర్దుతుంటే కట్ట చేతికి తగిలింది. ముసలాడు పాడుచేసిన పేజీని మెకానిక్ నిన్నటినుంచి చూడనేలేదు. ఇప్పుడు తెరిచాడు.

'ఇక్కడ నేను పొరబడ్డాను. కోడ్ రాకపోయినా ఒక్కోసారి'

తను లాక్కున్న చోట పెన్నుగీత కాగితం అంచుదాకా జారిపోయి ఉంది. అక్షరాలు మాత్రం, కింద ఉన్నవాటిలాగే, ఎడమకు ఒరిగి ఉన్నాయి.