మూడో స్లాబు మీది మనిషి

"కేసు పెడ్తరా, పెట్టరా? గది చెప్పుండ్రి ముందు!"

కొత్తకోట హైవే పక్కన సగం లేచిన ఫంక్షన్ హాలు ముందు ఎస్సైకి అడ్డంగా నిలబడింది బాలనర్సమ్మ. ఆమె మొగుడు బీరన్న పొద్దున మూడో స్లాబు మీది నుంచి పడి చచ్చిపోయాడు. శవం దవాఖానలో ఉంది. ఇక్కడ రక్తం మీద కాంట్రాక్టర్ అప్పుడే ఇసుక పోయించేశాడు.

"ఎవరి మీద పెట్టాలమ్మా?"

"ఇగో, గీ కాంట్రాక్టర్ మీద. తాడు లేదు, హెల్మెట్ లేదు. ఉత్త తలకాయతోటి ఎక్కిచ్చిండు. జైల్ల ఎయ్యుండ్రి."

"నిజమే సారూ," అంది ఇటుకలు మోసే ఇక్బాల్ బీ. "బీరన్న హెల్మెట్ అడిగితే 'బాసింగం గూడ కట్టమంటవా పెండ్లికొడకా' అని నవ్విండు గీయన."

కాంట్రాక్టర్‌కు కోపం రాలేదు. ఫోన్ తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. రోడ్డు మీది నుంచి తీసిన ఫొటో. మూడో స్లాబు అంచున ఒక మనిషి. తలకు పసుపుపచ్చ హెల్మెట్, నడుముకు తాడు.

"నిన్న తీసిన సార్. మనం అన్నీ ఇస్తం. ఇయ్యాల ఇప్పి పక్కకు పడేస్తే నేనేం జెయ్యాలె?"

ఎస్సై ఫోన్‌ను బాలనర్సమ్మ ముందు పెట్టాడు. "ఎవరమ్మా ఈయన?"

ఆమె వంగి చూసింది. చొక్కా భుజం మీద ఎర్రగుడ్డ అతుకు. నోరు ఆగలేదు.

"అయ్యో, మా ఆయన అంగీ! గా అతుకు నేనే ఏసిన!"

"రాసుకో," అన్నాడు ఎస్సై కానిస్టేబుల్‌తో. "ఫొటోలో ఉన్నది బీరన్నేనని పెండ్లామే గుర్తుపట్టింది. హెల్మెట్, తాడు ఇచ్చిన్రు. తప్పు చచ్చినోనిదే."

"గట్లెట్ల సారూ! అంగీ మాదే గని మనిషి గాదు! పాత అంగీ ఒకటియ్యమని మొన్న వీళ్లే అడిగితే..."

"ఎవలకిస్తేంది?" అన్నాడు ఎస్సై. "ఏలిముద్ర ఎయ్యి. లేకుంటే శవాన్ని ఇయ్యరు."

బాలనర్సమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. కాంట్రాక్టర్ వైపు చూసింది. దవాఖాన ఉన్న వైపు చూసింది. కానిస్టేబుల్ ఆమె బొటనవేలు పట్టి కాగితం మీద నొక్కాడు.

ఇక్బాల్ బీకి ఒళ్లు మండింది. "సారూ! జర తలకాయ పైకెత్తుండ్రి. ఫొటోలున్నోడు ఇంకా ఆడనే ఉన్నడు. పిలిచి సాక్ష్యం అడుగుండ్రి!"

ఎస్సై తలెత్తాడు. చూశాడు. మెల్లగా దించాడు.

"ముద్ర పడ్డదా?"

"పడ్డది సార్."

జీపు కదిలిపోయింది.

మూడో స్లాబు అంచున, బీరన్న పాత అంగీ తొడుక్కుని, కుండ తలకాయకు హెల్మెట్ పెట్టుకుని, గాలికి కింద పడకుండా కొత్త తాడుతో స్తంభానికి గట్టిగా కట్టేసి ఉంది, దిష్టిబొమ్మ.